సముద్రానికి అవతలి ఒడ్డు

మంగళవారం మా ఊరి సంత. ధాన్యం కొనే అడ్తి ముందు బండ్లు ఆగి ఉన్నాయి. కాంటా మీద వడ్ల బస్తా ఉండగా బడి చప్రాసి సైకిలు మీద వచ్చాడు. దిగలేదు. ఒక కాలు నేలకు ఆనించి, "మునీం సాబ్, మన డ్రాయింగ్ సారు పోయిండు. కరీంనగర్ దవాఖానల పొద్దుగాల పానం పోయిందట. ఇంటికి తెస్తుండ్రు," అన్నాడు. ఇంకా చెప్పవలసిన ఇళ్లున్నాయని అట్లాగే పెడలు తొక్కుకుంటూ వెళ్లిపోయాడు.

నేను కాంటా మీది బస్తా తూకం రాసుకున్నాను. ఆ తరువాతి బస్తా తూకమూ రాసుకున్నాను. చెవిలో ఎటువంటి మాట పడినా చెయ్యి కొంతసేపు తన పని తాను చేసుకుంటూ పోతుంది. సేటు నా ముఖం చూసి ఏమైందని అడిగాక గాని కలం పక్కన పెట్టలేదు.

బడి వార్షిక సంచికకు సారు గురించి నాలుగు మాటలు రాయమని ఇప్పటి హెడ్మాస్టరు గారు నన్ను అడిగారు. చదువుకున్నవాళ్లు ఇంతమంది ఉండగా నేనెందుకని అన్నాను. వాళ్లంతా బదిలీ మీద వచ్చినవాళ్లు, మొదటినుంచీ చూసింది మీరొక్కరే అన్నారు ఆయన. నిజమే. ఆయన ఇల్లూ నా ఇల్లూ ఒకే గోడకు రెండు పక్కలు. నేను అడ్తిలో లెక్కలు రాసే మునీంను. రోజు లెక్క ముగిశాక కింద ఆనాటి వానో ఎండో ఒక ముక్క రాసుకోవడం అలవాటు. అంతకు మించి రాసి ఎరగను. కాబట్టి ఇందులో పొగడ్త తక్కువైతే అది నా చేతకానితనం, సారు లోపం కాదు.

ఆయనది ఆదిలాబాద్ జిల్లా, బోథ్ దగ్గరి పల్లె. మాటలో మరాఠీ కలిసేది. పిల్లలు గీసిన బొమ్మ నచ్చితే "చాంగ్లా" అనేవారు. బాగుంది అని దానర్థం. ఆ మాట తరచుగా వచ్చేది కాదు. ఏడాది పొడుగునా ఆ మాట వినకుండానే చదువు ముగించుకొని పోయిన పిల్లలు ఉన్నారు.

ఆయన వచ్చేనాటికి ఇది ఉర్దూ బడి. ఫౌఖానియా అనేవారు, అంటే ఇప్పటి హైస్కూలు. దేశ్‌ముఖు గారి గుర్రాల కొట్టాన్ని బడికి ఇచ్చారు. గోడలకు గుర్రాలను కట్టే ఇనుప కడియాలు అట్లాగే ఉండేవి. సారు ఆ కడియాల మధ్య సుతిలి దారం లాగి, పిల్లల బొమ్మలు దాని మీద ఆరవేసేవారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు బడికి వచ్చి లెక్కలూ చరిత్రా ఉర్దూలో వల్లించేవారు. తప్పితే దెబ్బలు. డ్రాయింగు గంట ఒక్కటే వాళ్లకు ఊపిరి తీసుకునే గంట. "గీతకు గీ జబాన్ లేదు, గా జబాన్ లేదు. భయపడకుండ్రి," అనేవారట సారు.

పోలీసు చర్య అయ్యాక చదువు తెలుగులోకి మారింది. ఒక్కసారిగా కాదు. పై తరగతి ఉర్దూలో, కింది తరగతి తెలుగులో, ఒకే గోడకు ఇటొక భాష అటొక భాష కొన్నేళ్లు వినిపించాయి. ఉర్దూ సార్లు కొందరు వెళ్లిపోయారు. కొత్త పుస్తకాలు రాలేదు. డ్రాయింగు సారుకు మార్చుకోవలసింది ఏమీ లేదు గనుక మిగతావాళ్ల పనులన్నీ ఆయన మీద పడ్డాయి. భూగోళం పటాలు ఆయనే గీశారు, వాచకం లేని తరగతికి గోడ మీద పాఠం ఆయనే రాశారు. ఆ రోజుల్లోనే బజారులో అందరూ తమ దుకాణం పేరు తెలుగులో రాయించుకోవడం మొదలుపెట్టారు. సెలవు దినాల్లో సారు నిచ్చెన వేసుకుని ఆ బోర్డులూ రాసేవారు.

నేను బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాను. అంకెలు చిన్నప్పుడే వచ్చాయి; రైతుల పేర్లకు గుర్తులు పెట్టుకుని లెక్కలు నడిపేవాణ్ణి. అక్షరాలు మాత్రం సారు నిచ్చెన కింద నిలబడి నేర్చుకున్నవి. ఎవరినీ అడిగేవాణ్ణి కాదు. దుకాణం ఏదో తెలుసు గనుక పేరు తెలుసు. ఆయన ఒక్కొక్క అక్షరం నెమ్మదిగా దింపుతుంటే పేరులో ఏ ముక్కకు ఏ ఆకారమో పోల్చుకునేవాణ్ణి. ఎవరూ గమనించలేదనే అనుకున్నాను. ఒకనాడు కిరాణం దుకాణం బోర్డు రాస్తూ ఆయన కిందికి చూడకుండానే అన్నారు:

"మునీం సాబ్, గిది 'ణం'. జర కష్టముంటది. ఇయ్యాల రాకపోతే రేపు మల్ల రాండ్రి. రంగు ఆరేదాంక బోర్డు యాడికి పోదు."

అంతే. ఆ తరువాత ఎన్నడూ ఆ ఊసు ఎత్తలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొద్దికాలానికి మా బడి మల్టీపర్పస్ హైస్కూలు అయింది. మామూలు చదువుతో పాటు ఏదో ఒక పని విద్య కూడా నేర్పాలని ఆ పథకం. మా బడికి వ్యవసాయమూ లలితకళలూ ఇచ్చారు. లలితకళలంటే చిత్రలేఖనం, సంగీతం. కొట్టం వెనుక రేకుల గది ఒకటి కట్టారు. సంగీతానికి బందరు నుంచి ఒక టీచరమ్మ హార్మోనియం పెట్టెతో దిగింది. ఆమె సారును "మాస్టారూ" అని పిలిచేది. ఊళ్లో ఎవరినీ అట్లా పిలవడం మేము వినలేదు. సారు మొదట్లో వెనక్కి తిరిగి చూసేవారు, ఇంకెవరినో పిలిచిందేమోనని.

గది వచ్చింది, టీచరమ్మ వచ్చింది. పిల్లలు రావాలి. చేరేవాళ్లు తక్కువైతే విభాగం ఎత్తేస్తారు. అందుకని ప్రతి జూన్ నెలలో ఆయన ఇల్లిల్లూ తిరిగేవారు. ఎండకు తెల్ల ధోవతి ఎర్రమట్టి రంగుకు తిరిగేది. చేసేది బిచ్చమడగడమే. నేను ఒకటి రెండుసార్లు వెంట వెళ్లాను.

"బొమ్మలు గీస్తె బువ్వ వెడ్తదా సారూ?" అని ఒక రైతు అడిగాడు.

"ఏమో పటేలా. నాకైతే వెడ్తుంది గదా," అన్నారు సారు.

"నీకు సర్కారు వెడ్తుంది. బొమ్మలు కాదు."

సారు నవ్వి, కండువాతో ముఖం తుడుచుకుని, "గది సుత నిజమే. కని పిలగాన్ని తోలు," అన్నారు. ఆ రైతు కొడుకు చేరాడు.

చేరిన పిల్లలకు మొదటి నెల పెన్సిలు ఇచ్చేవారు కాదు. బడి వాకిలి ఊడ్పించి, పేడనీళ్ల సానుపు చల్లించి, ముగ్గుపిండితో గీతలు వేయించేవారు. ఆడపిల్లలూ మగపిల్లలూ అందరూ వెయ్యాలి. పిండి వేళ్ల సందులోంచి ఎంత జారితే అంతే గీత. చెయ్యి బెదిరితే గీత బెదురుతుంది. రబ్బరుతో చెరిపే వీలు లేదు. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు.

"ఏం సారూ, పోరగాండ్లను అత్తగారింటికి తోలుతున్నవా ఏంది?" అని ఒకాయన ఎగతాళి చేశాడు.

"తోలితె తోల్త. ఆడ సుత వాకిలి ఉంటది గదా," అన్నారు సారు, తల ఎత్తకుండా.

రెండో పద్ధతి చూడడం. బొమ్మ గీయవలసిన చోటికి పిల్లలను తీసుకుపోయేవారు గాని కాగితం తీసుకుపోనిచ్చేవారు కాదు. "ముందుగాల సూడుండ్రి. కాయిదం ఇంటికాడ. కండ్లల్ల లేనిది చేతుల ఎట్లొస్తది?" అనేవారు. సంతకు తీసుకుపోయి పొద్దంతా నిలబెట్టి తిరిగి తెచ్చేవారు. మరునాడు గదిలో కూర్చుని గీయాలి. ఏడాదికొకసారి బండ్లు కట్టించుకుని ధర్మపురికి, గోదావరి చూడడానికి.

నా బిడ్డ ఆ విభాగంలో చేరింది. గోదావరి ప్రయాణం మాట వచ్చినప్పుడు మా ఇంటామె అడ్డం పడింది. "ఆడపిల్ల పోరగాండ్లతోని బండ్ల గంత దూరం పోతదా? నలుగురు ఏమనుకుంటరు?" అంది. సారు గోడ అవతలినుంచి విన్నారు. మరునాడు తెల్లవారుతూనే సారు భార్య, మేము వదినె అనేవాళ్లం, జొన్నరొట్టెల మూట నెత్తిన పెట్టుకుని మా వాకిట్లో నిలబడింది. "నేను సుత పోతున్న. నీ బిడ్డ నా పక్కపొంటి కూసుంటది. ఇంక ఎవల ఫికర్ నీకు?" అంది. ఆనాటి నుంచి ఏటా వదినె ముందు బండిలో, పిల్లలు వెనుక.

గోదావరి ఒడ్డున పిల్లలు పొద్దుగూకేదాకా కూర్చున్నారు. ఎదురుగా నీళ్లు, నీళ్ల మీద పడవ, ఎర్రగా కిందికి దిగే సూర్యుడు, అవతలి ఒడ్డున వరుసగా తాటిచెట్లు. ఎవరూ ఏమీ గీయలేదు. రొట్టెలు తిని ఇంటికి వచ్చారు.

ఆ వేసవిలో కరీంనగర్‌లో సర్కారు డ్రాయింగు పరీక్ష జరిగింది. మా విభాగం తొలి జట్టు అది. అందులో జ్ఞాపకం మీద గీయవలసిన బొమ్మ ఒకటి ఉంటుంది. పిల్లలు నవ్వుకుంటూ తిరిగి వచ్చారు. "మంచిగ రాసినం బాపూ, గోదారే అచ్చింది," అని నా బిడ్డ చెప్పింది. ఫలితాలు వచ్చాయి. అందరూ తప్పారు.

ఎందుకో తెలియలేదు. కొన్నాళ్లకు ఇన్స్‌పెక్టరు గారు స్వయంగా వచ్చారు. తప్పిన పిల్లల తండ్రులను కూడా పిలిచారు గనుక నేనూ వెళ్లి గోడ వారగా నిలబడ్డాను. ఇన్స్‌పెక్టరు గారు పిల్లల కాగితాల కట్ట బల్ల మీద పెట్టారు.

"ప్రశ్న ఏమిటో తెలుసా? సముద్రతీరంలో సాయంకాలం. చూడండి వీళ్లు ఏం గీశారో. ఒక్కరు కాదు, అందరూ. సముద్రానికి అవతలి ఒడ్డు ఎక్కడిదండీ? దాని మీద తాటిచెట్లు!"

హెడ్మాస్టరు గారు తల దించుకున్నారు. డ్రాయింగు సారు కట్ట దగ్గరికి లాక్కుని ఒక్కొక్క కాగితమే తిప్పారు. పరీక్షలో పిల్లలు గీసింది ఆయన చూడడం అదే మొదటిసారి. ఒకదాని మీద పడవ నీడ నీళ్లలో విరిగి ఉంది. ఒకదానిలో అవతలి ఒడ్డు చెట్లు దూరం వల్ల పలచగా, ఆకాశంలో కలిసీ కలవనట్టు ఉన్నాయి. ఆయన ఎదుట ఎవరున్నదీ మరిచిపోయారనుకుంటాను. నా బిడ్డ కాగితం దగ్గర ఆగి, మెల్లగా, "చాంగ్లా," అన్నారు.

"ఏమిటి?" అన్నారు ఇన్స్‌పెక్టరు గారు.

"ఏం లేదు సార్. పోరలు చూసింది గీసిండ్రు. సముద్రం చూడలే."

"మీరు చూశారా?"

"లేదు సార్."

ఇన్స్‌పెక్టరు గారు చెడ్డవారు కారు. అలసిపోయి ఉన్నారు. ఆయనకూ పైవాళ్లకు జవాబు చెప్పుకోవలసిన పని ఉంది. "వానకాలంలో మళ్లీ పరీక్ష ఉంది. ఈసారి పిల్లలు పాసు కావాలి. కాకపోతే లలితకళల విభాగం ఇక్కడ అనవసరమని రాయడం తప్ప నాకు దారి లేదు," అని కాగితాలు సర్దుకుని వెళ్లిపోయారు.

ఆయన వెళ్లాక హెడ్మాస్టరు గారు ఒక ఉపాయం చెప్పారు. సముద్రం బొమ్మ ఉన్న క్యాలెండరు తెప్పించి గోడకు కట్టండి, పిల్లలు దాన్ని చూసి పదిసార్లు గీస్తే చేతికి వచ్చేస్తుంది అని. సులువైన పనే. సంగీతం టీచరమ్మ కూడా, "అదేముంది మాస్టారూ, అవతల ఒడ్డేమీ ఉండదండీ. ఒక్క గీత అడ్డంగా గీసేస్తే సరిపోతుంది. కింద నీళ్లు, పైన ఆకాశం," అంది. ఆమె సముద్రం పక్కన పుట్టిన మనిషి.

సారు ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని కుడిచేతి వేళ్లు వేణ్ణీళ్ల గిన్నెలో ముంచుకున్నారు. అది ఆయన రోజూ చేసే పని. నిచ్చెన మీద బోర్డులు రాసి రాసి వేళ్లు కొయ్యబారేవి. నేను నా అరుగు మీద కూర్చున్నాను. ఇద్దరం మాటకారులం కాము.

"ఎవలో సూసింది మనం గీసుడెట్ల మునీం సాబ్?" అన్నారు.

క్యాలెండరు బొమ్మ పెట్టకపోతే ఆయన విభాగం పోవచ్చు. పిల్లల చదువూ నడిమిట్ల ఆగుతుంది. ఆ పరీక్ష పాసైన సర్టిఫికెట్టు ఉంటే నా బిడ్డకు డ్రాయింగు టీచరు శిక్షణలో చోటు దొరుకుతుంది, లేకపోతే లేదు. ఈ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు.

ఆ వారంలోనే ఆయన సెలవు పెట్టి పెద్దపల్లిలో రైలెక్కారు. ఎక్కడికో వదినెకు తప్ప ఎవరికీ చెప్పలేదు. బెజవాడ మీదుగా బందరు పోయి సముద్రం చూసి తిరిగి వచ్చారు. వస్తూ మందుసీసాలో సముద్రం నీళ్లు పట్టుకొచ్చారు. అది చూసి వదినె నవ్వాలో ఏడవాలో తెలియక, "గంత దూరం పోయి ఉప్పునీళ్లు తెస్తవా? ఉప్పు అంగట్ల దొరుకతలేదా నీకు?" అంది. మరునాడు గదిలో పిల్లలంతా సీసాలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నారు.

ఆ సాయంత్రం అరుగు మీద నేను అడిగాను, సముద్రం ఎట్లా ఉందని.

"ఏం చెప్పాలె మునీం సాబ్. పొద్దంత నిలవడి సూసిన. ఎటు సూసినా అవుతలి ఒడ్డు లేదు. చూపు ఆగెతందుకు జాగ లేదు." వేళ్లు నీళ్లలో కదిలించారు. "నాకు జర భయమైంది. పొద్దుగూకంగనే టేషన్‌కు అచ్చిన."

క్యాలెండరు బొమ్మ కట్టలేదు. టీచరమ్మ చెప్పిన అడ్డగీతా నేర్పలేదు. శ్రావణమాసం దాకా ఆగారు. ఎగువన వానలు పడి గోదావరి నిండిందని విన్న రోజు మా అడ్తికి వచ్చి బండ్లు అడిగారు. సేటు ఇచ్చాడు. బండ్ల వెంట నేనూ పోయాను. ధర్మపురి చేరేసరికి ముసురు పట్టింది. పిల్లలు గోనెసంచులు తలమీద కప్పుకుని గట్టు మీద నిలబడ్డారు. ఎదురుగా మట్టి రంగు నీళ్లు, వాటి మీద వాన. అవతలి ఒడ్డు లేదు. తాటిచెట్లు లేవు. నీళ్లు ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు.

సారు పిల్లల ముందు నిలబడి, నీళ్ల వైపు చెయ్యి చాచి, అట్లాగే ఉండిపోయారు. తడిసి ధోవతి కాళ్లకు అంటుకుంది. చాలాసేపటికి వాన కొంచెం తెరిపి ఇచ్చింది. దూరాన మసకగా ఒక తాటితల కనిపించింది.

"అగో! ఒడ్డు!" అని ఒక పిల్లవాడు కేక వేశాడు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు, దూరం పోయిన చుట్టం తిరిగి వచ్చినట్టు.

సారు చెయ్యి దించారు. "ఇగ పోదాం. సూసుడు అయిపోయింది," అన్నారు. ఆయన ముఖంలోనూ నవ్వు ఉంది.

తిరిగి వచ్చాక పిల్లలు అవతలి ఒడ్డు లేని నీళ్లు గీయగలిగారు. వానను తీసేసి పొద్దును పెట్టుకున్నారు. సీసా ఖాళీ అయ్యేదాకా నాలుకతో చూస్తూనే ఉన్నారు. మళ్లీ పరీక్షకు కరీంనగర్ వెళ్లారు. మేము బస్సు దగ్గర ఎదురుచూశాం. దిగుతూనే నా బిడ్డ పకపకా నవ్వింది, ఏడ్చినంత పని కూడా చేసింది.

"ఏమడిగిండ్రు బిడ్డా?" అన్నారు సారు.

"సంత, సారూ! ఊరి సంత!"

సారు కాసేపు ఆ పిల్ల ముఖం చూసి, కండువా దులిపి భుజం మీద వేసుకున్నారు. "మనం ఇంత పరేషానైతిమి, సముద్రం వట్టిగనే పోయె," అన్నారు. పిల్లలు అందరూ పాసయ్యారు. విభాగం నిలిచింది.

ఆ సంతోషంలో పిల్లలు రేకుల గది లోపలి వెనుక గోడను అడిగి తీసుకున్నారు. పరీక్షలో అడగని సముద్రాన్ని గోడ మీద గీస్తామన్నారు. సున్నమూ జాజూ నీలిమందూ కలిపి, గోడ కింది నుంచి మనిషెత్తు దాటేదాకా నీళ్లు నింపారు. పైన మిగిలిన సున్నపు గోడే ఆకాశం. టీచరమ్మ వచ్చి చూసి, "అచ్చం మా ఊరే మాస్టారూ," అని కళ్లు తుడుచుకుంది. ఆమె వెళ్లాక సారు నిచ్చెన తెచ్చుకుని ఎక్కారు. నీళ్లు ముగిసే చోట, ఈ చివరనుంచి ఆ చివరకు, కుంచె ఆపకుండా ఒక సన్నని ఒడ్డు గీశారు. దాని మీద తాటిచెట్లు, దూరానివి, వేలి గోరంతవి.

"సారూ, సముద్రానికి ఒడ్డు ఉండదంటిరి గద?" అని పిల్లలు గోల చేశారు.

"ఉండదు. కని రోజు సూసేటోల్లకు జర ఆసర ఉండాలె," అని దిగి, కుంచె కడుక్కున్నారు.

ఆ తరువాత జరిగింది చెప్పడానికి ఎక్కువ లేదు. కొన్ని జట్లు చదువుకుని వెళ్లాయి. కొందరికి "చాంగ్లా" దొరికింది, చాలామందికి దొరకలేదు. నా బిడ్డ శిక్షణ పూర్తిచేసి కాగజ్‌నగర్‌లో ఒక బడిలో డ్రాయింగు టీచరుగా చేరింది. ఇంతలో మల్టీపర్పస్ పథకాన్నే సర్కారు వదిలేసింది. ఒకరోజు ఒక కాగితం వచ్చింది. పిల్లలు తప్పినందుకు కాదు, సారు తప్పు చేసినందుకు కాదు. పథకం లేదు గనుక విభాగం లేదు. టీచరమ్మకు బదిలీ అయింది. హార్మోనియం బీరువాలోకి పోయింది. ఆయన ఎవరితోనూ వాదించలేదు. ఇన్ని జూన్ నెలలు తిరిగిన మనిషి, ఆ జూన్‌లో ఇంట్లోనే కూర్చున్నారు.

డ్రాయింగు సారుగానే ఉన్నారు. వారానికి ఒక గంట. మిగతా రోజుల్లో రాని సార్ల తరగతులు చూసుకునేవారు. పైవాళ్లు చెబితే ఊరి గోడల మీద దోమల మందు రాతలూ, కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణాలూ గీసేవారు. ఒక సాయంత్రం వేళ్లు వేణ్ణీళ్లలో పెట్టుకుని, "త్రికోణం గీసుడుకు చెయ్యి సాలు మునీం సాబ్. కండ్లకు పని లేదు," అన్నారు. విసుగుతో అనలేదు. ఉన్న మాట అన్నారు. ఆ చలికాలంలో జ్వరం పట్టుకుంది. తగ్గింది, మళ్లీ వచ్చింది. నిచ్చెన ఎక్కడం మానేశారు. వదినె కరీంనగర్ తీసుకుపోదామంటే, "పోదాం తియ్యి," అని రోజులు గడిపారు. చివరికి తీసుకుపోయేసరికి ఆలస్యమైంది.

మంగళవారం పొద్దు వాలేవేళకు వాగు ఒడ్డున దహనమైంది. బడి పిల్లలు వరుసగా వచ్చారు. వాళ్లలో చాలామందికి ఆయన త్రికోణాలు గీసే సారు మాత్రమే.

నా బిడ్డ కబురు అందుకుని మరునాడు రైలు దిగింది. వదినె దగ్గర కూర్చుని లేచాక, "బాపూ, ఒకసారి మా గది సూసి పోత," అంది. ఇద్దరం బడికి వెళ్లాం. చప్రాసి తాళం తీశాడు. ఆ గదిని ఇప్పుడు పిల్లల మధ్యాహ్నం ఉప్మాకూ పాలకూ వచ్చే సరుకు పెట్టడానికి వాడుతున్నారు. తలుపు తెరవగానే పాలపొడి వాసన కొట్టింది. మక్కపిండి బస్తాలు వెనుక గోడకు ఆనించి పైపైన పేర్చి ఉన్నాయి. సుతిలి దారం ముక్క ఒకటి మేకుకు ఇంకా వేలాడుతోంది.

"జర ఆ బస్తాలు ఇటు జరుపరాదు కాకా?" అంది నా బిడ్డ.

చప్రాసి చేతులు చూసుకున్నాడు. "మొన్ననే దింపినం బిడ్డా. ఈడ తప్ప యాడ వెడ్తం? అవుతలి గది వానకు ఉరుస్తుంది," అన్నాడు. మరీ కావాలంటే మనిషిని పిలుచుకొస్తానని కూడా అన్నాడు.

"వద్దు తియ్యి," అంది.

ఆమె బస్తాల ముందు నిలబడి తల పైకెత్తింది. నేనూ చూశాను. నీళ్లన్నీ బస్తాల వెనుక పడిపోయాయి. పిల్లలు గీసింది ఏదీ కనిపించడం లేదు. అన్నిటికంటే పై బస్తాకు పైన మిగిలిన గోడ మీద, ఈ గోడనుంచి ఆ గోడకు ఎక్కడా తెగకుండా, అవతలి ఒడ్డు మాత్రం ఉంది, దాని మీద వేలి గోరంత తాటిచెట్లు.